డీజిల్‌లో నీళ్లు – నా అనుభవం

మా లారీ ఖాళీగా నడిచినంతసేపు బాగానే ఉండేది. లోడు పడి ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగేది కాదు. కాసేపు అందుకునేది, అంతలోనే జారిపోయేది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, ఐడ్లింగ్‌లో వణుకు. టర్బో పోయిందన్నారు ఒకరు. మెకానిక్ అయితే "అన్నా, ఇంజెక్టర్లు దింపి చూద్దాం" అన్నాడు, అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు. నా అనుమానం మాత్రం డ్యాష్‌బోర్డులో ఉన్న ఒక చిన్న లైటు మీద ఉంది. డీజిల్‌లో నీళ్లున్నాయని చెప్పే లైటు అది. గుంతల్లో వెలిగేది, రోడ్డు బాగుంటే ఆరిపోయేది.

డీజిల్ నుంచి నీళ్లను విడదీసే ఫిల్టర్‌ని వాటర్ సెపరేటర్ అంటారు. నీళ్లు చేరే దాని బౌల్ అడుగున రెండు పిన్నులుంటాయి. డీజిల్‌లో కరెంటు దాదాపు పారదు, ఫిల్టర్‌కి చేరే నీళ్లలో పారుతుంది. నీళ్లు పిన్నులను తాకగానే లైటు వెలుగుతుంది. మట్టం సరిగ్గా పిన్నుల దగ్గర ఉంటే కుదుపులకు అది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అందుకే దాన్ని వైరింగ్ లోపమని కొట్టిపారేయకుండా ముందు బౌల్ ఖాళీ చేసి చూద్దామని పట్టుబట్టాను.

బండిని చదునైన చోట రాత్రంతా నిలిపి, పొద్దున ఇంజిన్ తిప్పకముందే పని మొదలుపెట్టాం. డీజిల్ సాంద్రత నీళ్లతో పోలిస్తే 0.82 నుంచి 0.86 దాకా ఉంటుంది. తేడా ఇంత తక్కువ కాబట్టి సన్నటి నీటి బిందువులు కిందికి దిగడానికి సమయం పడుతుంది. మా బండిలో సెపరేటర్ ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య, పంపు లాగే వైపు ఉంటుంది. ఇలాంటి చోట కింద డ్రెయిన్ ట్యాప్ ఒక్కటే తిప్పితే చుక్క రాకపోవచ్చు, పైగా గాలి లోపలికి పోవచ్చు. పైనున్న వెంట్ స్క్రూ కాస్త వదులు చేశాక ధార కట్టింది. దాన్ని గాజు సీసాలో పట్టాం. నేలమీదికో మురికి డబ్బాలోకో వదిలేస్తే ఏం వచ్చిందో తెలిసే దారే ఉండదు.

సీసా తేరుకున్నాక అడుగున నీళ్లు, పైన డీజిల్, రెండింటి మధ్య జిగురుగా నల్లటి పొర. నాకు టెన్షన్ పెట్టింది నీళ్లకంటే ఆ పొరే. నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గర కొన్ని బ్యాక్టీరియా, ఫంగస్‌లు బతుకుతాయి. వాటిలో బాగా పేరుపడింది హార్మోకోనిస్ రెసినే అనే ఫంగస్. ఉండటానికి నీళ్లు, తినడానికి డీజిల్! వాటివల్ల పుట్టే ఆమ్లాలు ట్యాంకు లోహాన్ని తింటాయి, ఆ పాచి ఫిల్టర్ మడతలను మూసేస్తుంది. బౌల్ ఖాళీ చేశాక లైటు ఆరిపోయింది కానీ, ఆ పొరను చూశాక దాంతో పని అయిపోయిందని అనుకోలేకపోయాను.

పాత ఫిల్టర్లను పారేయకుండా కోయించి మడతలు విప్పి చూశాం. అక్కడక్కడా నల్లటి పాచి, తుప్పు రంగు మరకలు. ఖాళీ బండికి కావలసిన డీజిల్ ఆ మడతల్లోంచి ఎలాగో వెళ్తోంది, పూర్తి లోడులో ఇంజిన్ అడిగినంత వెళ్లడం లేదు. ఎత్తులో జారిపోవడానికి కారణం అక్కడ కంటికి కనిపించింది. ఇంజెక్టర్లు దింపే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అయినా నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతే ఏమవుతుందో తెలుసు కాబట్టే నా తొందర. కామన్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ పంచే హైప్రెషర్ గొట్టంలో, ఒత్తిడి 1600 బార్, కొన్నింటిలో 2000 బార్ దాటుతుంది. లోపల భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). హైప్రెషర్ పంపుకీ ఇంజెక్టర్లకీ కందెన కూడా డీజిలే. నీళ్లు చేరితే ఆ కందెన పొర తెగి లోహం లోహాన్ని రాస్తుంది, తుప్పు పడుతుంది. వేడి నాజిల్ కొసలో నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే కొస విరిగే ప్రమాదం కూడా ఉంది. వడకట్టే సైజు చూస్తే సెపరేటర్ సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్లది, దాని తర్వాతి సన్నటి ఫిల్టర్ 2 నుంచి 5 మైక్రాన్లది. ఇవి రెండూ ఓడిపోతే అడ్డుకునేది ఇంకేమీ లేదు.

కొత్త ఫిల్టర్లు బిగించడంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. విప్పకముందే చుట్టుపక్కల దుమ్ము తుడవాలి. పాత రబ్బరు వాషర్ ఫిల్టర్ బిగించే హెడ్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడాలి, లేకపోతే రెండు వాషర్ల మధ్య గాలి లాగుతుంది. కొత్త వాషర్‌కి శుభ్రమైన డీజిల్ రాసి, తగిలాక ఫిల్టర్ మీద ముద్రించినంత, మామూలుగా అర నుంచి ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించాలి. బౌల్ పాతదే వాడితే ఓ-రింగు మాత్రం కొత్తది వేయాలి. తొందరగా స్టార్ట్ అవుతుందని సన్నటి ఫిల్టర్‌లో క్యాన్ నుంచి డీజిల్ పోసి బిగించేవాళ్లున్నారు. అలా మధ్య రంధ్రంలో పోసింది వడకట్టకుండానే హైప్రెషర్ పంపులోకి పోతుంది. నేను ఒప్పుకోలేదు. చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ గట్టిపడేదాకా నొక్కుతూ, గాలి తీసే బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా ఓపిక పట్టాం. పాత ఇంజిన్లలోలాగా ఇంజెక్టర్ పైపులు వదులు చేసి గాలి తీయడం కామన్ రైల్‌లో అసలు పనికిరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది. స్టార్టర్ కూడా ఒక్కసారికి 30 సెకన్లు మించకుండా, మధ్యలో చల్లారనిస్తూ తిప్పాం.

తర్వాత ట్యాంకు. డీజిల్ లాగే పైపు అడుగుకి కాస్త పైన ఆగుతుంది కాబట్టి నీళ్లు దాని కింద నిశ్శబ్దంగా పోగవుతాయి. ఎత్తులోనో కుదుపులోనో మాత్రమే పైపుకి అందుతాయి. కొలకర్రకు వాటర్ ఫైండింగ్ పేస్టు పూసి దింపితే నీళ్లు తగిలిన మేరకు రంగు మారింది. అడుగు ప్లగ్ విప్పి మొత్తం దించి, లోపల శుభ్రం చేయించాం. నీళ్లు తీశాకే పాచిని చంపే మందు, బయోసైడ్, కలపాలి. నీళ్లుంటే మందు ఎంత పోసినా పాచి మళ్లీ వస్తుంది. చచ్చిన పాచి కూడా ఫిల్టర్‌కే చేరుతుంది కనుక రెండో సెట్ ఫిల్టర్లు ముందే తెచ్చిపెట్టుకున్నాం, మార్చాల్సే వచ్చింది.

మరి నీళ్లు ఎలా వచ్చాయి? సగం ట్యాంకుతో రాత్రిళ్లు ఆపితే పైభాగంలో గాలిలోని తేమ గోడలకు పట్టి చెమ్మ దిగుతుంది. కానీ మేం దించిన నీళ్లు ఆ లెక్కకు చాలా ఎక్కువ. అందుకే ట్యాంకు మూత మీదికి చూపు పోయింది. లోపలి రబ్బరు ఒకచోట చీలి ఉంది, దాని చుట్టూ పల్లంలో నీళ్లు నిలుస్తున్నాయి. బండి కడిగిన ప్రతిసారీ, వాన కురిసిన ప్రతిసారీ కొంత లోపలికి దిగుతోంది. మూత మార్చాం, ట్యాంకులోకి గాలి ఆడే బ్రీదర్ పైపు కూడా చూశాం.

నీళ్లను డీజిల్‌లో కలిపేసే రకం మందు పోయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను దానికి వ్యతిరేకం. నీళ్లు అలా సన్నగా కలిసిపోతే సెపరేటర్ వాటిని విడదీయలేదు, అవి నేరుగా ఇంజెక్టర్లకు పోతాయి. బయోడీజిల్ కలిసిన ఇంధనం మామూలు డీజిల్‌కంటే ఎక్కువ నీళ్లను పట్టి ఉంచుకుంటుంది కాబట్టి అది వాడే బండ్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు పొద్దున్నే కొంచెం సీసాలోకి పట్టి వెలుతురులో చూస్తాం. తేటగా మెరిస్తే సరే, మసకగా ఉండి ఎంతసేపటికీ తేరకపోతే ఆ డీజిల్ ఎక్కడ పోయించామో ఆరా తీస్తాం. రాత్రి ఆపేముందే ట్యాంకు నింపుతున్నాం. బంకులో ట్యాంకర్ దించుతుంటే అడుగు మడ్డి కదులుతుంది కాబట్టి ఆ సమయంలో పోయించుకోం. రెండోసారి తీసిన ఫిల్టర్ కోస్తే పాచి కొద్దిగానే కనిపించింది, ఆ తర్వాతి దానిలో మామూలు మడ్డి తప్ప ఏమీ లేదు. పూర్తి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి మునుపటిలా లాగుతోంది. దించిన నీళ్లు, పాడైన డీజిల్ మూత ఉన్న క్యాన్లలో దాచి, వాడిన ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకు అప్పగించాం.