బడిలో శిక్షించిన భాష

ఫ్రెంచి సాహిత్యం అనగానే అందరి చూపూ పారిస్ మీదికే పోతుంది. నేను మాత్రం అమెరికాలోని లూసియానాకు చెందిన బారీ జీన్ ఆన్స్‌లే గురించి చెబుతాను. లాఫయెట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఫ్రెంచి, జానపద విజ్ఞానం బోధించిన ఆచార్యుడాయన.

1921 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం బడి చదువును ఇంగ్లీషుకే పరిమితం చేసింది. ఇంట్లో నేర్చిన ఫ్రెంచి బడిలో నోటి వెంట వస్తే పిల్లలకు శిక్షే. "బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడను" అని పదే పదే రాయించేవారు. ఆన్స్‌లే జాన్ ఆర్సెనో అనే కలం పేరుతో ఆ వాక్యాన్నే కవితగా మలిచారు. ఇంగ్లీషులో అదే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంటుంది, దాన్ని తోసుకుంటూ ఫ్రెంచి పైకి లేస్తుంది. చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పసివాళ్ల చేత తమ అమ్మ మాటనే తప్పని రాయించడం ఎంత క్రూరం!

ఆయన కవిత్వంతో ఆగలేదు. ఊళ్లు తిరిగి పెద్దవాళ్ల కథలు, పాటలు రికార్డు చేశారు. 1974లో లాఫయెట్‌లో కేజన్ (లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే జనం) సంగీతానికి పెద్ద సభ జరిపినవారిలో ఆయనా ఒకరు. ఫిడేలు, అకార్డియన్ వాయించే స్థానిక కళాకారులను వేలమంది కదలకుండా కూర్చుని విన్నారు.

నాకు బాగా నచ్చింది రేడియో పని. యూనిస్ పట్టణంలోని లిబర్టీ థియేటర్ నుంచి శనివారం సాయంత్రాలు ఏళ్ల తరబడి కార్యక్రమం నడిపారు. సంగీతానికి జనం నాట్యం చేసేవారు, వ్యాఖ్యానం ప్రధానంగా వాళ్ల ఫ్రెంచిలోనే సాగేది.