అంగుళం తక్కువ తుపాకి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఫెజెంట్ పక్షుల వేట అక్టోబరు చివరి శనివారం మొదలవుతుంది. అందుకే సెప్టెంబరు వచ్చిందంటే మా షాపు సంక్రాంతి ముందు దర్జీ కొట్టులా ఉంటుంది. అందరికీ ఆ వారంలోనే కావాలి.

నేను పనిచేసేది తుపాకులు రిపేరు చేసే చిన్న షాపులో. తెలుగువాళ్ళ మధ్య ఈ మాట చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడరు. మాడ్రిడ్ గుడిలో (స్పెయిన్ మాడ్రిడ్ కాదు, అయోవాలోనూ ఒకటుంది) ప్రసాదం క్యూలో "ఏ కంపెనీ అండీ?" అని అడిగినవాళ్ళు నా జవాబు విని పులిహోర వైపు చూస్తారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకి దగ్గర ఉంచుకునే వీలు లేదు. నేను బాలానగర్ షెడ్లలో పదిహేనేళ్ళు లేత్ మీద పనిచేసి, అక్క వేసిన పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో వచ్చినవాణ్ణి. వచ్చేసరికి తల నెరిసింది. ఇక్కడ లేత్ తెలిసిన మనిషి కోసం వెతుకుతున్న ముసలాయన ఒకడు దొరికాడు. అంతే కథ.

ఆ సెప్టెంబరులో యాభై దాటిన ఒకావిడ, పాత దుప్పట్లో చుట్టి ఒక వించెస్టర్ మోడల్ 12 తెచ్చింది. ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే పంపు తుపాకి అది, ఒక్కో తూటాలో చిన్న చిన్న గుళ్ళు (పెల్లెట్లు) ఉంటాయి. తాతగారిదట. "దీన్ని కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉందో అలా చెయ్యగలరా?" అని అడిగింది. రాత్రి షాపులో ఉండే ప్రతి తుపాకినీ రిజిస్టరులో ఎక్కించాలి కాబట్టి సీరియల్ నంబరు రాసుకున్నాను. 1930ల నాటిది.

ఈ మోడల్ 1912లో మొదలై 1960ల దాకా తయారైంది. దాదాపు ఇరవై లక్షలు చేశారు. లోపలి భాగాలు ఉక్కు దిమ్మల్లోంచి మిల్లింగ్ చేసి తీసినవి. ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అంత ఖర్చుతో చెయ్యడం గిట్టుబాటు కాకే చివరికి ఆపేశారు.

కానీ ఈవిడ తెచ్చిన దాని మీద మూడు చేతులు పడ్డాయి. గొట్టం మూతి కోసేసి పాలీ-చోక్ బిగించారు. అంటే చీలికలున్న ఉక్కు మూతి, దాని మీద తిప్పే తొడుగు. బిగిస్తే పెల్లెట్లు గుంపుగా దూరం పోతాయి, వదిలితే దగ్గర్లోనే విచ్చుకుంటాయి. ఒక్క తుపాకితో దగ్గర ఫెజెంటునూ, దూరం బాతునూ కొట్టాలనుకునే రైతుకు అది వరం. కొనేవాడి కంటికి మాత్రం అమ్మవారి మచ్చ. ఇక భుజానికి ఆనించే చెక్క వెనక అంగుళం కోసి రబ్బరు ప్యాడ్ అంటించారు. ఆ రబ్బరు ఎండి బెల్లం అచ్చులా గట్టిపడింది. మూడోది లోపల కనిపించింది. తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టం విప్పితే చాకుతో చెక్కిన కర్రముక్క జారి బల్ల మీద పడింది. వలస పక్షుల వేటలో మూడు తూటాలకు మించి పట్టకూడదని 1935లో రూలు వచ్చింది కదా, దానికోసం. కర్రకు ఒక పక్క బెరడు ఇంకా ఉంది.

మా ఓనర్ ఒక్క చూపు చూసి "చేద్దాం" అన్నాడు. ఆయన తప్పేం లేదు, షాపు అద్దె కట్టేది ఆయనే. నాకే టెన్షన్ పట్టుకుంది. బాలానగర్‌లో డ్రాయింగుకు తేడా ఉంటే ఆ ముక్క రిజెక్ట్, అక్కడితో ఆలోచన అయిపోయేది. ఇక్కడ డ్రాయింగు ఏది? ఫ్యాక్టరీదా, తాతగారిదా?

లెక్క చూసుకున్నాను. కోసిన గొట్టాన్ని మళ్ళీ పెంచలేం. వేరే పాత గొట్టం వెతికి అమర్చవచ్చు, కానీ అప్పుడు గొట్టం మీద నంబరూ రిసీవర్ (లోపలి యంత్రం ఉండే నడిమి పెట్టె) మీద నంబరూ కలవవు. ఆ కాలపు నికెల్ స్టీలు రిసీవర్‌ను ఉక్కుకు నల్లని నీలి రంగు పట్టించే ఇప్పటి బ్లూయింగ్ తొట్టిలో ముంచితే వంకాయ రంగు తేలే ప్రమాదం ఉంది. అన్నీ కలిపి ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. అంతా అయ్యాక అమ్మితే అందులో సగం కూడా రాదు. పైగా బాతుల వేటలో సీసం పెల్లెట్లు 1991 నుంచి దేశమంతా నిషేధం. మూతి బాగా ఇరుకైన పాత ఫుల్ చోక్ గొట్టం తెచ్చిపెడితే, సీసానికి బదులు వాడే స్టీలు పెల్లెట్లు అందులో వాడటం మంచిది కాదు.

ఆ రాత్రి నాన్నతో ఫోన్లో చెప్తే ఆయనకు మా ఊరి మోతుబరి తుపాకి గుర్తొచ్చింది. పంట మీద పడే అడవి పందుల కోసం లైసెన్సు తీసుకున్నాడాయన. ఎలక్షన్లు వస్తే దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్‌లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

"దానికి వెనక చెక్క విరిగితే మన వడ్రంగి మేడిచెక్కతో చేసిచ్చాడు, గుర్తుందా? ఎవడూ ఒరిజినల్ ఏదని అడగలా. ఏరా, ఆవిడ తుపాకి అమ్ముకుంటదా, ఉంచుకుంటదా? అదడుగు ముందు."

మర్నాడు అడిగాను. అమ్మదట. మరి ఆ అంగుళం ఎందుకు కోశారో తెలుసా అంటే, గ్రాండ్‌మా కోసం అంది. ఇంగ్లీషులో ఏ వైపో తెలీదు కాబట్టి మళ్ళీ అడిగాను. నాన్నగారి తల్లి, నాయనమ్మ. పొట్టి మనిషట, బాతుల వేటకు మొగుడికంటే ముందే లేచేదట. తాతగారు షెడ్డులో రంపంతో కోశారు. విప్పిన ప్యాడ్ కింద రంపం గాడి తప్పి మళ్ళీ దారికొచ్చిన గీత ఉంది. చూపించాను. ఆవిడ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఖర్చులూ నష్టాలూ కాగితం మీద రాసిచ్చాను. "మీరైతే ఏం చేస్తారు?" అంది. ఎండిన రబ్బరు మారుస్తాను, పొడవు మాత్రం ఇంతే ఉంచుతాను, లోపల గట్టిపడిన గ్రీజు తీస్తాను, ట్రిగ్గరు నొక్కి పట్టుకుని పంపు చేస్తే ఇది పేలుతుందని మీ పిల్లలకు చెప్తాను అన్నాను. ఈ మోడల్‌కు ఆ గుణం ఉంది, చాలామందికి తెలీదు.

బిల్లు చూసి ఓనర్ "ఇలా అయితే షాపు మూసుకుందాం" అన్నాడు. నవ్వాడనే అనుకుంటున్నాను.

తీసుకెళ్ళే రోజు ఆవిడ ఖాళీ తుపాకిని భుజానికి ఆనించి, గోడ మీద జింక తల వైపు గురి చూసింది. సరిగ్గా కుదిరింది. ఆవిడా పొట్టే. కర్రముక్క తిరిగి లోపల పెట్టానా అని అడిగింది. పెట్టాను, బెరడు కూడా తియ్యలేదు అన్నాను.