కళ్ళు కనబడటం లేదా?

పోయిన నవంబరులో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఒక పెద్దావిడ నాతో, "మీరు కళ్ళు పరీక్ష చేయించుకోవాలి" అంది. అరవలేదు, చేతులు తిప్పలేదు. సైకిల్ మీద పోతున్న నేను ఎడమకు తిరగబోతూ చేయి చాచాను, వెనక్కి ఒక చూపు చూశాననే అనుకున్నాను, తిరిగాను. పక్కనుంచి దాటబోతున్న ఆవిడ సైకిల్ కీచుమని ఆగింది. దిగి, నా ముఖంలోకి నిదానంగా చూసి, ఆ మాట చెప్పింది. "కళ్ళజోడు ముక్కు మీదికి జారింది" అని కూడా చెప్పి వెళ్ళిపోయింది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దాటిన వాడికి ఈ మాట కొత్త కాదు. కళ్ళు కనబడటం లేదా, ఇంట్లో చెప్పి వచ్చావా అని అన్నవాడూ మరిచిపోతాడు, పడ్డవాడూ మరిచిపోతాడు. అందులో కోపమే తప్ప కళ్ళ సంగతి ఉండదు. ఈవిడ మాటలో కోపం లేదు, కళ్ళ సంగతే ఉంది. అందుకే మూడు రోజులు నిద్ర పట్టలేదు.

నేను అక్కడ ఓడల యార్డులో వెల్డింగ్ తనిఖీ చేస్తాను. అతుకులో వెంట్రుక వాసి పగులు ఉంటే పట్టుకోవడం నా కూలి. ఏడాదికి ఒకసారి చూపు పరీక్ష కాగితం ఇస్తేనే పనిలో ఉంచుతారు. ఆ కాగితం నా సంచిలోనే ఉంది. పరుగెత్తి వెళ్ళి ఆవిడకు చూపించాలనిపించింది.

కానీ ఆ కాగితం చెప్పేది దగ్గరి చూపు గురించి. నాకు దూరం ఆనదు, మైనస్ 3.25 ఉంది, నలభై ఆరో ఏట చత్వారం కూడా వచ్చి చేరింది. రెండింటికీ కలిపి ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించాను. పైన దూరానికి, అడుగున దగ్గరకు, నడుమ మధ్య దూరానికి. రెండు పక్కలా అడుగువైపు కొంత మసక తప్పదు. ఎంత ఖరీదు పెట్టినా ఆ మసకను అటూ ఇటూ జరపగలరు గానీ తీసెయ్యలేరు. కుర్చీలో కూర్చున్న వాడికి అది తెలియదు. నా సైకిల్ పాత రేసు సైకిల్, చవగ్గా దొరికిందని కొన్నాను, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. నడుం వంచి తల దించి తొక్కుతుంటే రోడ్డు చూడటానికి కనుగుడ్లు పైకి ఎత్తాలి. అప్పుడు చూపు అద్దం పై అంచును తాకుతుంది, చెమటకు కళ్ళజోడు జారితే ఫ్రేము పైనుంచే పోతుంది. ఇక భుజం మీదుగా వెనక్కి చూసేటప్పుడు తల పూర్తిగా తిప్పకుండా కంటి కొసతో సరిపెట్టడం నా అలవాటు. ఆ కొసలోనే మసక ఉంది. ఆ మసకలోనే ఆవిడ ఉంది.

అక్కడి కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఒక అమ్మాయి ముఖానికి చుట్టుకుపోయే చలువ కళ్ళద్దాలు చూపించింది. అంత వంపున్న అద్దంలోనే పవర్ వేస్తే పక్కలు వంకరగా కనబడతాయి, పవర్ పెరిగేకొద్దీ ఆ ఇబ్బంది పెరుగుతుంది. అందుకని లోపలివైపు పవర్ ఉన్న చిన్న జత తగిలిస్తారు. పెట్టుకుని బయట ఒక చుట్టు తొక్కి వచ్చాను. ఎర్రదీపం దగ్గర ఆగగానే రెండు పొరలకూ ఆవిరి పట్టింది. పైగా అది మూడో తరగతి నలుపు, వెలుతురులో 8 నుంచి 18 శాతాన్ని మాత్రమే లోపలికి రానిస్తుంది. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక గానీ రాడు, నాలుగున్నరకల్లా వెళ్ళిపోతాడు. చీకట్లో పోయి చీకట్లో వచ్చే వాడికి అదెందుకు? పోలరైజ్డ్ రకం ఇంకా నచ్చలేదు. తడి మీద మెరుపును అది మింగేస్తుంది. ట్రాము పట్టాలు జారుడుగా ఉన్నాయని నాకు చెప్పేదే ఆ మెరుపు. కాంటాక్ట్ లెన్సుల మాట ఎత్తింది గానీ, గ్రైండింగ్ పొడిలో రోజంతా ఉండే వాణ్ణి, వద్దన్నాను. చివరికి చెప్పిన ధర ఆరు వందల యూరోలు దాటింది. ఇంటికి పంపే డబ్బుతో పోల్చి చూసుకోకూడదని తెలుసు, చూసుకున్నాను.

సంక్రాంతికి ఊరు వచ్చాను. అమ్మ కళ్ళ మాట విని ఇంకేమీ అడగలేదు, "ఆదివారం అరసవల్లి వెళ్ళు" అంది. నేను సోమవారమే కూడలి దగ్గర పాత దుకాణానికి వెళ్ళాను. నాకు ఏడో తరగతిలో మొదటి కళ్ళజోడు ఇచ్చిన మాస్టారు అక్కడే ఉన్నారు. కథంతా విని, "సైకిల్ మీద ఎలా కూర్చుంటావో చూపించు బాబూ" అన్నారు. స్టూలు మీద కూర్చుని, గాజు బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగాను. టీ తెచ్చిన కుర్రాడు నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఎదురుగా గొంతుకూర్చుని, ఖాళీ ఫ్రేములోని అద్దం మీద నా కంటిపాప ఎక్కడికి వస్తుందో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టారు. నిటారుగా కూర్చోబెట్టి ఇంకో చుక్క పెట్టారు. రెండింటి మధ్య వేలి మందం తేడా.

"ఆఫీసుకు నీది నీకుంది. సైకిల్‌కు దూరపు పవర్ ఒక్కటే చాలు, మధ్య బిందువు పైకి జరుపుదాం. ఫోను చూడాలంటే బండి ఆపు."

ఆపక తప్పదు. సైకిల్ తొక్కుతూ ఫోను పట్టుకోవడం నెదర్లాండ్స్‌లో 2019 జూలై నుంచి నేరం. సైకిల్ మీద దగ్గరి చూపుతో నాకు పనే లేదన్న సంగతి నాకే తోచలేదు! పై అంచు సన్నగా ఉన్న ఫ్రేము, ముక్కు దగ్గర రబ్బరు ప్యాడ్లు, చెవి వెనక బాగా వంగే కాడలు. అద్దం పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, రంగు లేని తెల్లది. రాయి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు గానీ త్వరగా గీతలు పడుతుంది, కండువాతో తుడవొద్దని రెండుసార్లు చెప్పారు. విశాఖ నుంచి నాలుగు రోజుల్లో వచ్చింది.

ఆ నాలుగు రోజులూ ఇంటికి వచ్చిన ప్రతి వాడికీ ఈ కథ చెప్పాను. అక్కడి యంత్రం నన్ను నిలబెట్టి కొలిచింది, మన మాస్టారు వంగబెట్టి కొలిచారు అని. చెప్పిన ప్రతిసారీ అక్కడి అమ్మాయి కొంచెం తెలివితక్కువది అవుతూ వచ్చింది. ఐదోసారి చెబుతుండగా నాకే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి అడిగింది. ఏ రకం సైకిల్, ఎలా కూర్చుంటారు అనే అడిగి ఉంటుంది, తన రెండు చేతులూ ముందుకు చాచి మరీ అడిగింది. నాకు భాష సగమే అర్థమై, తెలియలేదని చెప్పడానికి సిగ్గుపడి, అవునవునని తల ఊపాను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం తెల్లవారుజామున కొత్త కళ్ళజోడు పెట్టుకుని మేనల్లుడి సైకిల్ మీద అరసవల్లి బయలుదేరాను. ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు నేరుగా స్వామి పాదాలను తాకే గుడి. అద్దాలు బాగా కుదిరాయి. తల పూర్తిగా తిప్పి వెనక్కి చూశాను, దూరంగా ఆటో స్పష్టంగా కనబడింది. పద్ధతిగా చేయి చాచి మలుపు తిరగబోయాను. ఆటో వచ్చి నా పక్కనే ఆగింది.

"ఎక్కడికి బాబూ?"

ఎక్కడికీ కాదన్నాను. అతను సైకిల్ వంక, నా చేయి వంక చూశాడు.

"మరి ఎందుకు ఆపావు? కళ్ళు కనబడటం లేదా?"