కళేబరం కన్నా ముందు చెవి ట్యాగ్

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వానకు నగరం అంచున చెరువు కింద ఉన్న మా మేనమామ కొట్టంలోకి నీళ్లు వచ్చి, గుంజలకు కట్టేసి ఉన్న రెండు పాడి బర్రెలు అక్కడికక్కడే మునిగి చనిపోయాయి. మూడో రోజుకు పొట్టలు ఉబ్బి, కాళ్లు కర్రల్లా చాచుకుని, గల్లీ మొదట్లోకే వాసన వచ్చేది. ఇరుగుపొరుగు ఒత్తిడికి మామ జేసీబీని పిలిపించి, కొట్టం వెనకే, బోరుకు పదడుగుల దూరంలో, నడుము లోతు గొయ్యిలో వాటిని పూడ్పించాడు.

పరిహారానికి వెళ్తే పశువైద్యుని ధ్రువీకరణ అడిగారు. బీమాకు చెవి ట్యాగ్, అంటే పశువును గుర్తించడానికి చెవికి తగిలించే నంబరు బిళ్ల, అడిగారు. ట్యాగ్‌లు రెండూ గొయ్యిలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల్లో పాడి బర్రెకు రూ.37,500, గొర్రెకు లేదా మేకకు రూ.4,000 చొప్పున ఇచ్చే వీలు కల్పించారు గానీ, నష్టాన్ని అధికారులు నిర్ధారించాలి. అందువల్ల వాసన ఎంత వచ్చినా ముందు ఫోటోలు తీసి, ట్యాగ్ భద్రపరిచి, పశువైద్యునికి కబురు పెట్టిన తర్వాతే జేసీబీని పిలవాలని నా అభిప్రాయం.

పశువైద్యుడు చూడవలసింది కాగితం కోసమే కాదు. అంటురోగంతో చనిపోయిన, లేదా అలా అనుమానం ఉన్న పశువు కళేబరాన్ని యజమాని తనకు తోచినట్టు కాక, నిర్దేశించిన పద్ధతిలోనే తొలగించాలని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం చెబుతోంది. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దొమ్మరోగాన్ని (ఆంత్రాక్స్) అనుమానించాలి. అలాంటి కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది. దాని మీద సున్నం చల్లడం మనకు అలవాటే గానీ, సున్నంలోని కాల్షియం ఆ క్రిమికే మేలు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. వీలైతే కాల్చివేయడమే ఉత్తమం.

నీళ్లలో మునిగి చనిపోయిన మామూలు పశువును పూడ్చవచ్చు. కళేబరం మీద కనీసం మూడడుగుల మట్టి పడేంత లోతుగా తవ్వాలి, గొయ్యి అడుగు భూగర్భ జలానికి పైనే ఉండాలి, బావికీ బోరుకూ నాలాకూ బాగా దూరం పాటించాలి. పొట్టలో గాలి చేరితే పైమట్టి లేస్తుంది కనుక, రోగం లేదని తేలాక పొట్టను పొడిచి పూడ్చడం మంచిది. కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం ఇవేవీ యజమాని చేయవలసిన పనులు కావు. పశుసంవర్ధక శాఖ బృందాలే రక్షణ దుస్తులతో వచ్చి చూసుకుంటాయి.

మా బోరు నీళ్లు మూడో నెలలో వాసన వేయడంతో మామ దాన్ని మూయించాడు. ఇప్పుడు వాన హెచ్చరిక వస్తే అతను మొదట బర్రెల తలుగులు విప్పుతాడు. కొట్టం తలుపు మీద పశువుల అంబులెన్స్ నంబరు 1962, దాని కింద అన్ని చెవి ట్యాగ్‌ల నంబర్లు బొగ్గుతో రాసి ఉంటాయి.