స్లో సైకిల్ రేసు, భీమిలి దాకా

చిన్నప్పుడు పంద్రాగస్టుకి మా బళ్లో స్లో సైకిల్ రేసు పెట్టేవారు. అందరికంటే ఆఖర్న గీత దాటినవాడికి స్టీలు గ్లాసు. నాకు ఒక్కసారీ రాలేదు. సగం దూరంలోనే కాలు కింద పెట్టేసేవాణ్ణి. మొన్న సంక్రాంతి వెళ్లాక, 62 ఏళ్ల వయసులో, విశాఖ సాగర్ నగర్ నుంచి భీమిలి దాకా అదే రేసులో మళ్లీ దిగాను. ఈసారి పోటీకి సోముగాడు, గవ్వ ఉన్నారు.

సోము ల్యాబ్రడారు. 12 ఏళ్లు నిండాయి, 34 కిలోలు. వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి, గొంతు బొంగురుపోయింది. మొరిగితే పాత గేటు తీసినట్టుంటుంది. గవ్వ మా వీధి కుక్కే. ఒక వానాకాలం మెట్ల కింద దూరి, ఇక వెళ్లలేదు. దానికి 11 ఉండొచ్చు. కళ్లలో నీలం పొర వచ్చింది గానీ నడక ఇప్పటికీ టకటకలాడుతుంది. నేను ఉద్యోగంలో ఉన్న 34 ఏళ్లూ మోటార్లు, బేరింగుల మధ్యే గడిచాయి. వీళ్ల మంచి వయసంతా నా షిఫ్టులకే పోయింది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే సోముగాడు బంతి నోట కరుచుకుని మంచం పక్కన కూర్చునేవాడు. నాకు తీరిక దొరికేసరికి వాడికి బంతి అక్కర్లేకపోయింది.

కరెంటు సైకిలు కొన్నది నిజానికి నా మోకాళ్ల కోసం. 250 వాట్ల మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటదు కాబట్టి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. వెనక తగిలించుకోవడానికి రెండు చక్రాల తొట్టిబండి ఒకటి వెల్డింగు షాపులో చేయించాను. అడుగున పాత పరుపు ముక్క, పైన గొడుగుగుడ్డ. నడిచినంత సేపు నడుస్తారు, అలిసిపోతే ఎక్కుతారు. ఇరవై కిలోమీటర్లకి రెండు రోజులు పెట్టుకున్నాను. మా ఆవిడ అంతా చూసి, "మూడు ముసలి ప్రాణాలు బయల్దేరుతున్నాయి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోండి" అంది.

తెల్లవారి ఐదున్నరకి బయల్దేరాం. సాగర్ నగర్ దగ్గర ఇద్దర్నీ ఇసుకలోకి దిగనివ్వలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ గుంటల్ని తవ్వేవాళ్లలో కుక్కలే ముందుంటాయి. గవ్వ ముక్కు అప్పటికే అటు తిరిగింది. దాని ఉద్దేశం మంచిదని నేను పూచీ పడలేను. తాడు బిగించి రోడ్డు అంచునే పట్టుకెళ్లాను.

అసలు కష్టం మొదటి కిలోమీటర్లోనే తెలిసింది. సోము నడక గంటకి మూడు, మూడున్నర కిలోమీటర్లు. సైకిల్లో అన్నిటికంటే నెమ్మదైన మోడ్ వేగమే గంటకి ఆరు. అది సైకిలు దిగి పక్కన నడిపించుకెళ్లే వేగమట, అది కూడా మావాడికి పరుగే. బ్రేకు లివరు తాకితే చాలు, మోటారుకి కరెంటు ఆగిపోతుంది. తిరిగి పెడలు తొక్కగానే ఒక్క ఉదుటున లాగుతుంది. రెండుసార్లు పడబోయి, ఒకసారి పడ్డాను. తాడు హ్యాండిల్‌కి కట్టకుండా చేతిలో వదులుగా పట్టుకోవడం మంచిదైంది. కట్టి ఉంటే సోము కూడా నాతోపాటు పడేవాడు. వాడు మాత్రం వచ్చి నా మోచెయ్యి వాసన చూసి, పక్కనే కూర్చున్నాడు. నేను లేచేదాకా లేవలేదు.

చివరికి కిటుకు దొరికింది. సీటు బాగా దించి రెండు పాదాలూ నేలకి ఆనేలా పెట్టుకున్నాను. గేరు అన్నిటికంటే తేలికది. మోటారు ఆపేసి రెండు పెడళ్లు, ఒక తన్ను, మళ్లీ రెండు పెడళ్లు. వాళ్లు నడిచినంత సేపు మోటారుతో పనే లేదు, బండి ఎక్కినప్పుడే దాని అవసరం. అంత డబ్బు పోసి కొన్న యంత్రాన్ని కట్టేసుకుని తొక్కుతుంటే, పక్కనుంచి గేరు సైకిళ్ల కుర్రాళ్లు రంగురంగుల హెల్మెట్లతో దూసుకుపోయారు. ఒకడు బొటనవేలు చూపించాడు. మెచ్చుకోలో జాలో తెలియలేదు.

ఋషికొండ ఎత్తు దగ్గర ఇద్దర్నీ ఎక్కించాను. కుక్కలు, బండి, నేను కలిసి నూట నలభై కిలోల పైమాటే. చక్రంలో బిగించిన మోటారుకి తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగడమంటే గండం. తిరిగేది తక్కువ, తాగే కరెంటు ఎక్కువ, మిగిలినదంతా వేడి. సగం ఎత్తులో ఆగిపోయింది. దిగి చక్రం మధ్యన అరచెయ్యి ఆనించాను. ఉద్యోగంలో ఎన్ని బేరింగుల మీద పెట్టి ఉంటానో ఈ చేతిని. మూడు అంకెలు లెక్కపెట్టలేకపోతే మిషను ఆపాల్సిందే. రెండు దగ్గరే చెయ్యి తీసేశాను. అదే చేతిని తిరగేసి తారురోడ్డు మీద పెట్టాను. ఐదు దాకా లెక్కపెట్టగలిగితేనే కుక్క కాలు పెట్టొచ్చు. రోడ్డు ఇంకా చల్లగానే ఉంది. అలవాటుకొద్దీ సోము నడుం కింద తుంటి మీద కూడా పెట్టాను. వేడిగా లేదుగానీ లోపల సన్నగా వణుకుతోంది. ఇంకో అరగంట ఎవరూ కదలకూడదని నిర్ణయించేశాను. తడి తువ్వాలు మోటారు పక్కన పెడితే సోము దాని మీదే పడుకున్నాడు.

అప్పుడే ఒక మత్స్యకారుడు మోపెడ్ ఆపి, "ఏటి బావూ, బండి పాడైపోనాదేటి?" అన్నాడు. కుక్కలు అలిసిపోయాయన్నాను. తొట్టిబండిలోకి తొంగి చూసి, "కుక్కల్నెక్కించుకుని నువ్వు తోస్తన్నావా!" అని కాసేపు నవ్వాడు. వెళ్తూ వెళ్తూ సగం వాటర్ బాటిల్ గవ్వ గిన్నెలో పోసి వెళ్లాడు.

తొట్లకొండ ఎక్కలేదు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు పైన ఉండి, కింద సముద్రం చూస్తూ గడిపారు. చూడదగ్గ చోటే, కానీ ఆ ఎత్తుకి మా మోటారూ చాలదు, సోమూ చాలడు. కింద చెట్టు నీడన పెరుగన్నం తిన్నాం. ఉప్పు వెయ్యనిది వాళ్లకి, వేసింది నాకు.

రాత్రి మంగమారిపేటలో పాత కొలీగ్ ఇంట్లో పడుకున్నాం. బ్యాటరీ అక్కడే ఛార్జింగ్ పెట్టాను. పొద్దున్న లేచేసరికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఇరవై మంది దాకా రెండు జట్లుగా, అరుపుకో అడుగు వెనక్కి. గవ్వ అరగంట కదలకుండా చూసింది. దానికి చేప దొరుకుతుందని ఆశ. దొరికింది కూడా. వలలోంచి జారిన ఒక చిన్న కవ్వళ్ల చేపని ఒక పిల్లాడు విసిరాడు.

రెండోరోజు సులువుగా సాగింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం గంటన్నర ఆగాం. ఒకప్పుడు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక అది. ఇసుకలోని ఇనుము తుప్పెక్కి ఆ ఎరుపు వచ్చింది. వాన నీళ్లు కోసిన గండ్లలో నిలబడితే రెండు పక్కలా గోడలు. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు భూవారసత్వ స్థలంగా గుర్తించారు. చుట్టూ మట్టి తవ్వకాల మచ్చలు చూస్తే మాత్రం బోర్డు చదివినవాళ్లు తక్కువేమో అనిపించింది. సోము ఒక గండిలోకి తనంతట తానే దిగాడు. రోడ్డు మీద కుంటినవాడు మెత్తటి ఇసుకలో కుంటలేదు. వెల్లకిలా పడి ఇటూ అటూ దొర్లాడు. రెండేళ్లుగా వాడలా దొర్లగా నేను చూడలేదు. తెల్లటి ఒళ్లు లేచేసరికి ఇటుక రంగైంది. ఫోటో తీద్దామని ఫోన్ తీసేలోగా దులిపేసుకున్నాడు, నా మీదే.

మధ్యాహ్నానికి ముందే భీమిలి చేరాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ పెద్దగా తొందరపడుతున్నట్టుండదు. డచ్చివాళ్ల సమాధుల దగ్గర కోసుగా లేచిన కట్టడాల నీడలో ఇద్దరూ పడుకున్నారు. తర్వాత గోస్తని సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాను. బొర్రా గుహల దాపున పుట్టిన నది, ఇక్కడికొచ్చేసరికి చీలమండ లోతు. సోము వెళ్లి పారే నీళ్లలో పొట్ట ఆనించి కూర్చున్నాడు. నీళ్లు వాడి చుట్టూ ఎర్రగా తిరిగి పోయాయి. గవ్వ ఒడ్డునుంచి కేకలేసింది, తడవడం దానికి గిట్టదు.

తిరుగు ప్రయాణం ట్రక్ ఆటోలో. డ్రైవరు సైకిలుకీ తొట్టిబండికీ నాలుగు వందలు అడిగాడు, కుక్కలకి వద్దన్నాడు. దార్లో సైకిలు డిస్‌ప్లే చూసి, "అత్యధిక వేగం 11 అంటోంది, ఇది పాడైందాండీ?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

ఇంటికొచ్చి గేటు తీశాం. గవ్వ సరాసరి వరండా ఎక్కింది. ఒంటి మీద ఎరుపు ఏట్లో పోయినా, సోము వేళ్ల సందుల్లోది పోలేదు. నాలుగు పాదాల గుర్తులు గడప దాకా పడ్డాయి. వాడి కాళ్లు కడగడానికి బకెట్టు తెమ్మన్నాను.

"వాడి కాళ్లు తర్వాత, ముందు మీవి చూసుకోండి" అంది మా ఆవిడ.