గంట లెక్క, ఏప్రిల్ ఎండ

ఈ రోజు అంగన్‌వాడీలో తల్లుల సమావేశం. బరువులు, ఎత్తులు రాసుకోవడం త్వరగానే అయింది. మూడున్నరేళ్ల పిల్లవాడొకడు గుడ్డు చేతిలో పెట్టగానే "వీడియో ఏది?" అన్నాడు. వాళ్లమ్మ తల దించుకుంది. మిగతావాళ్లు నవ్వారు గానీ, ఎవరి ఇంట్లో మాత్రం వేరేగా ఉంది! పోషకాహారం గురించి మొదలుపెట్టిన నా ప్రసంగం అక్కడితో ఆగిపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదే చెప్పాను. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మనవడిని తీసుకొచ్చిన ఒక అవ్వ వెంటనే అందుకుంది. "గంటంటే ఎలా టీచరమ్మా? ఈ ఎండలకు పొద్దున పదకొండింటికి తలుపు వేస్తే సాయంత్రం దాకా తీయము. రెండు గదుల ఇంట్లో వీడిని పట్టుకుని ఏం చేయాలి?"

ఆమె మాటలో న్యాయం ఉంది. పిల్లలను బయట ఆడించండి అని కరపత్రం రాసినవాళ్లు కర్నూలు పాతబస్తీలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎప్పుడైనా గడిపారా అని నాకూ అనుమానమే.

అందుకే గంటల సంగతి పక్కనపెట్టి, ఫోను ఏ వేళల్లో ఇస్తున్నారని అడిగాను. అందరిదీ దాదాపు ఒకటే జవాబు: అన్నం పెట్టేటప్పుడు, మధ్యాహ్నం, నిద్రపుచ్చేటప్పుడు. ముందు అన్నం వేళ మానిపించమన్నాను. చూపంతా బొమ్మల మీద ఉంటే ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు, కడుపు నిండిందో లేదో వాళ్లకే తెలియదు. మొదట్లో ఏడుస్తారు, ఒకటి రెండు పూటలు సరిగా తినరు కూడా. కాసేపు ఏడ్చాక ఫోను ఇచ్చేస్తే మాత్రం, రేపు ఇంకాసేపు ఏడవమని మనమే నేర్పినట్టు.

మధ్యాహ్నానికి ఆ గంట వాడుకోండి. అయితే ఫోనుకన్నా టీవీ నయం: దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నారో ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. ఒక వీడియో అయ్యాక ఇంకొకటి దానంతటదే రాకుండా ఆపే మీట ఉందంటే ముగ్గురు అక్కడే ఫోన్లు తీసి వెతికారు. మిగతా సమయానికి సలహాలు వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు. ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండమంటే మా పాప అరగంట కదలదు అని ఒకామె. గచ్చు మీద సుద్దముక్కతో గీయనివ్వండి అని ఇంకొకామె. చింతపిక్కలు అన్నవారికి మాత్రం చిన్నవాళ్లు మింగేస్తారని అడ్డు చెప్పాను. నిద్రపుచ్చే వేళ సంగతి దగ్గర మాట తెగలేదు. రాత్రి పక్కలో ఫోను చూసేది నాన్నలేనట.

మధ్యలో ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లల హాజరు వేస్తుంటే ఒక పాప నా ఫోనులోకి తొంగిచూసి, బొమ్మలు లేవని మూతి తిప్పుకుని వెళ్లింది.

వచ్చే సమావేశానికి నాన్నలనూ తీసుకురమ్మన్నాను. పనికి సెలవు దొరకదన్నారు. అయితే ఆదివారమే పెడతానని చెప్పాను.