సీఆర్ఈ పాయింట్ల కోసం వెళ్లిన ఒక శిక్షణ: కౌన్సెలర్‌గా నా అనుభవం

పునరావాస మనస్తత్వ నిపుణులుగానో ప్రత్యేక ఉపాధ్యాయులుగానో భారత పునరావాస మండలిలో నమోదైన వారికి ఐదేళ్లకోసారి ఒక పని తప్పదు. 1992 నాటి చట్టం కింద పనిచేసే ఆ మండలి రిజిస్టరులో మన పేరు కొనసాగాలంటే, ఆ మధ్యకాలంలో మండలి ఆమోదించిన నిరంతర విద్యా కార్యక్రమాలకు హాజరై, తగినన్ని సీఆర్ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు కూడబెట్టుకుని, ధ్రువపత్రాలతో సహా చూపించుకోవాలి. నేను ఇటీవలే ఆ రెన్యువల్ పూర్తి చేసుకున్నాను. అందులో ఒక శిక్షణ, భిన్న సంస్కృతుల నుంచి వచ్చేవారికి కౌన్సెలింగ్ చేయడం గురించినది, మిగతావాటిలా ఫైలులో కాగితంగా మిగిలిపోకుండా నేను పనిచేసే తీరునే మార్చింది కనుక దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కౌన్సెలర్లందరికీ ఈ నిబంధన వర్తించదు. ఎం.ఎ. సైకాలజీ లేదా ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సెలర్లుగా ఉన్నవారిలో చాలామంది పునరావాస మండలి పరిధిలోకి రారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కూడా తన జాబితాలో చేర్చింది కాబట్టి, నేడో రేపో వారికీ ఇటువంటి లెక్క అప్పజెప్పే రోజు రావచ్చు. అలాంటివారికి కూడా ఈ అనుభవం కొంత ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

నేను నల్లగొండలో ఉంటూ, మేధో వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలతో పనిచేస్తాను. సంస్కృతుల వైవిధ్యం అనగానే విదేశాల నుంచి వచ్చినవారో, మహానగరాల్లో ఉండేవారో గుర్తుకు వస్తారు గానీ, మా దక్షిణ తెలంగాణలో అది బస్సు దిగిన ప్రతిచోటా ఎదురవుతుంది. దేవరకొండ, చందంపేట వైపు వెళితే తండాలలో ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. మిర్యాలగూడ రైస్ మిల్లులలో బస్తాలు మోసే హమాలీలలో బీహార్ నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నారాయణపేట దాటి కృష్ణా మండలం వైపు పోతే కన్నడం వినిపిస్తుంది. అచ్చంపేట పైన నల్లమలలో చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న ఆవాసాలు ఉన్నాయి. వీరందరికీ తోడు, ముంబై, పుణె నగరాలలో ఏళ్ల తరబడి కూలి చేసి తిరిగి వచ్చిన పాలమూరు కుటుంబాల పిల్లలు ఉన్నారు. మాట తెలుగే అయినా ఆ పిల్లలకు సొంత ఊరి బడి పరాయిదిగానే తోస్తుంది.

శిక్షణ ఎంచుకోవడంలో కొంత శ్రమ ఉంది. ఆమోదం పొందిన కార్యక్రమాల జాబితాలో ఆటిజం, ప్రవర్తన సవరణ, పరీక్షా సాధనాలు వంటి అంశాలే ఎక్కువగా కనిపిస్తాయి. సంస్కృతికి సంబంధించినది దొరకడం అరుదు. రుసుము కట్టే ముందే ఆ కార్యక్రమానికి మండలి ఆమోదం ఉన్నదా, మన అర్హత విభాగానికి అది వర్తిస్తుందా అన్నది మనమే సరిచూసుకోవాలి, ఎందుకంటే ఫలానా తేదీన మీకు సర్టిఫికెట్ వస్తుందని ప్రకటనలో రాసినంత మాత్రాన అది పాయింట్ల కింద లెక్కకు రాదు. దరఖాస్తులో రాసే పేరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. నాతో పాటు చేరిన ఒక సహోద్యోగినికి పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరు వల్ల ఎదురైన చిక్కు తీరడానికి చాలాకాలం పట్టింది.

మొదటి భాగం ఆన్‌లైన్‌లో జరిగింది. దాని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 1992లో అమెరికాలో స్యూ, ఆయన సహచరులు ప్రతిపాదించిన మూడు అంశాలు, అంటే కౌన్సెలర్‌కు తన నమ్మకాల పట్ల ఎరుక, ఎదుటివారి లోకం గురించిన జ్ఞానం, దానికి తగిన నైపుణ్యం, ఇప్పటికీ ఈ పాఠాలకు పునాదిగా ఉన్నాయి. 1998లో టెర్వలాన్, మర్రే గార్సియా అనే ఇద్దరు వైద్యులు ఇంకో మాట చేర్చారు: ఎదుటివారి సంస్కృతిని పూర్తిగా నేర్చేసుకున్నామని ఎన్నటికీ అనుకోరాదని, జీవితాంతం అడిగి తెలుసుకునే అణకువ ఉండాలని. ఇవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి గానీ, స్లైడ్లలో ఉదాహరణలన్నీ వలస వెళ్లిన మెక్సికో వారివో, చైనా వారివో కావడంతో, వింటున్న మాలో సగం మంది కెమెరాలు ఆపేసి తమ పనులు చూసుకున్నారని నా అనుమానం.

అసలు చదువు హైదరాబాద్‌లో ముఖాముఖి తరగతులలో మొదలైంది. అక్కడ నిర్వాహకులు చేసిన ఒక మంచి పని, తండాలో పనిచేసే ఒక ఆశా కార్యకర్తను బోధకురాలిగా పిలవడం, ఆమెకు మిగతా బోధకులతో సమానంగా గౌరవ వేతనం ఇవ్వడం. దుబాసీ సాయంతో కౌన్సెలింగ్ ఎలా చేయాలో ఆమె చేసి చూపించింది. కౌన్సెలర్, కౌన్సెలింగ్‌కు వచ్చిన తల్లి పాత్రలు వేసినవారు ఎదురెదురుగా కూర్చున్నారు. దుబాసీగా తాను ఆ తల్లికి ఒక పక్కగా, కొంచెం వెనక్కి కుర్చీ జరుపుకుని కూర్చుంది. కౌన్సెలర్ పాత్ర వేస్తున్నాయన ఆశా కార్యకర్త వైపు తిరిగి "ఆమెకు నిద్ర పడుతుందా అని అడగండి" అన్నారు. ఆమె వెంటనే ఆపింది. "సార్, మీరు నన్ను చూడొద్దు, ఆమెను చూడుండ్రి. అడుగుండ్రి అని నాకు చెప్పొద్దు. 'అమ్మా, నీకు నిద్ర పడ్తుందా' అని ఆమెనే అడుగుండ్రి. నేను నడుమ లేనట్టే అనుకోండ్రి" అంది. రెండోసారి అలా అడిగినప్పుడు, తల్లి పాత్ర వేస్తున్న ఆమె సైతం తల ఎత్తి నేరుగా కౌన్సెలర్‌తోనే మాట్లాడింది. నటన అని అందరికీ తెలిసిన చోటే ఇంత తేడా కనిపించింది.

ఆమె చెప్పిన మరొక సంగతి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఒకే తండాలో ఉండేవారిలో ఎక్కువమంది బంధువులే అయి ఉంటారు. కాబట్టి అదే తండా మనిషిని దుబాసీగా పెట్టుకుంటే కౌన్సెలింగ్‌కు వచ్చిన గృహిణి తన ఇంటి మాట నోరు విప్పి చెప్పలేదు; చెప్పినా అది సాయంత్రానికి అత్తగారి చెవిన పడుతుంది. వేరే తండా నుంచి, వీలైతే చుట్టరికం లేని మనిషిని పిలవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత అంటుంది. ఆ బాధ్యత దుబాసీని ఎంచుకోవడంతోనే మొదలవుతుందని నేను అంతకుముందు ఆలోచించలేదు. బడికి పోయే కూతురిని తల్లి మాటలు తెలుగులోకి చెప్పమనడం మా వైపు సర్వసాధారణం, ఎందుకంటే దగ్గర ఉండేది ఆ పిల్లే. అయితే తల్లి చచ్చిపోవాలనిపిస్తుందని అంటే ఆ మాట పదమూడేళ్ల పిల్ల నోట పలకవలసి వస్తుంది.

పరీక్షా సాధనాల మీద జరిగిన చర్చ కూడా గట్టిది. దిగులును కొలవడానికి అందరూ వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల గురించి అడుగుతారు. మొత్తం 27 మార్కులు. అందులో నిద్ర, అలసట, ఆకలి గురించిన ప్రశ్నలు వరుసగా వస్తాయి. పత్తి ఏరే రోజులలో తెల్లవారకముందే లేచి చేనుకు పోయే స్త్రీని ఈ మూడూ అడిగితే వచ్చే మార్కులు దిగులువా, పనివా? రంజాన్ నెలలో సహరీకి లేచి, పగలంతా ఉపవాసం ఉండే మహబూబ్‌నగర్ గృహిణిని అడిగితే? మార్కులు చూసి వెంటనే నిర్ణయానికి రాకుండా, పని లేని నెలలో ఎలా ఉండేదో, ఇంట్లో మిగతా ఆడవాళ్లతో పోలిస్తే ఎలా ఉందో అడగాలని బోధకులు చెప్పారు. మరోవైపు, పని అలసటేనని కొట్టిపారేయడం కూడా అంతే ప్రమాదమని, చివరి ప్రశ్న, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించినది, ఏ నెలలోనైనా ఒకే బరువుతో తీసుకోవాలని గట్టిగా చెప్పారు.

వాదన వేడెక్కింది మాత్రం బాల్య వివాహం దగ్గర. పదిహేనేళ్ల పిల్లకు సంబంధం కుదిరిందని తెలిసినప్పుడు కౌన్సెలర్ ఏం చేయాలన్న ప్రశ్నకు, "అది వాళ్ల ఆచారం, మనం గౌరవించాలి కదా" అని ఒకరు అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలి. దానికి కులం, తెగ అన్న మినహాయింపు లేదు. పైగా అది ఆ తెగవారి ఆచారమని మనమే తీర్మానించడం కూడా ఒక రకమైన చిన్నచూపు, ఎందుకంటే అదే తండాలో పిల్లను హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివిస్తున్న తండ్రి కూడా ఉంటాడు. బోధకులు ఈ విషయంలో తడబడలేదు: పిల్ల క్షేమం దగ్గర, ఫిర్యాదు చేయవలసిన చోట బేరం లేదు, అయితే ఆ తల్లిదండ్రులు ఎందుకు తొందరపడుతున్నారో, వలస పోతే పిల్లను ఎవరి దగ్గర ఉంచాలన్న భయమా మరొకటా, అది మాత్రం నిందించకుండా అడిగి తెలుసుకోవాలి అన్నారు.

చివరి మూల్యాంకనం కోసం మేము చూస్తున్న కుటుంబాలలో ఒకదాని గురించి, వారి అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాయాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 (2013)లో, ఎదుటివారి సంస్కృతిని తెలుసుకోవడానికి ఉన్న పదహారు ప్రశ్నల సంభాషణను అందులో వాడి చూపించాలి. ఆ ప్రశ్నలు చాలా సాదాసీదావి: ఈ కష్టం గురించి మీ ఇంటివాళ్లతో, మీవాళ్లతో ఎలా చెబుతారు, ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు, మీవాళ్లు ఏమనుకుంటున్నారు, ఇంతవరకు ఎక్కడెక్కడికి వెళ్లారు, ఏది మేలు చేసింది అన్న పద్ధతిలో ఉంటాయి. నేను దేవరకొండ వైపు ఒక కుటుంబాన్ని ఎంచుకున్నాను. ఆరేళ్ల బాబుకు మాటలు రాలేదు. వాళ్లు మా దగ్గరకు మొదట వచ్చింది సదరెం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో అడగడానికే తప్ప చికిత్స కోసం కాదు.

వేరే తండా దుబాసీతో వెళ్లినప్పుడు ఇంటి ముందు మంచం మీద కూర్చుని మాట్లాడింది బాబు నాయనమ్మ. తల్లి గడప దగ్గరే నిలబడింది. మొదట నాయనమ్మతోనే మాట్లాడాలని, ఇంటి పెద్దను పక్కనపెట్టి కోడలిని అడిగితే ఆ ఇంట్లో కోడలికే కష్టమని శిక్షణలో అనుకున్నాం. ఇంతవరకు ఎక్కడికి తీసుకెళ్లారని అడిగాను. "జాన్‌పహాడ్ సైదులు దర్గ కాడికి పోయినం, మేడం. మొక్కు ఇంక ఉంది. పట్నంల పెద్దాసుపత్రికీ పోయినం. ఆడ ఇంగ్లీషుల రాసిచ్చిండ్రు, మా పోరగాడి బిమారి ఏందో ఎవ్వలు చెప్పలే" అంది. ఇదే ప్రశ్నను ఫారం చేతిలో పట్టుకుని అడిగి ఉంటే దర్గా మాట ఆమె చెప్పి ఉండేది కాదని నా నమ్మకం. మందులు ఇచ్చే డాక్టర్ల ముందు మొక్కుల సంగతి దాచుకోవడం మా ప్రాంతంలో అలవాటే. నేను ఆ మొక్కును మెచ్చుకోలేదు, కాదనలేదు. ఉర్సు ఎప్పుడని అడిగి, ఆ రోజులలో బాబును శిక్షణకు తీసుకురమ్మనకుండా తేదీలు వేశాను. మరోసారి వెళ్లినప్పుడు నాయనమ్మే, "నువ్వు లోపట కోడలితోని మాట్లాడు, బిడ్డా" అని లేచి పోయింది. తల్లి అప్పుడు చెప్పిన విషయాలు ఇక్కడ రాయను. బాబు గురించి తక్కువ, తన గురించే ఎక్కువ చెప్పింది.

ఆ నివేదికకు బోధకులు ఇచ్చిన వ్యాఖ్య నన్ను కొంత నొప్పించింది గానీ అందులో న్యాయం ఉంది: తండ్రి ఎక్కడున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు, వలస కుటుంబమని రాసి వదిలేశారు అన్నారు. తర్వాత ఫోన్‌లో ఆ తండ్రితో మాట్లాడాను. అతడు పుణెలో భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. కొడుకు చేత ఏమేమి చేయించాలో రాత్రి వీడియో కాల్‌లో భార్య చూపిస్తే తానూ చూస్తానని, ఇంతవరకు తనను ఎవరూ అడగలేదని అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది, పాయింట్లు జమయ్యాయి, మిగతా పత్రాలతో కలిపి రెన్యువల్ దరఖాస్తు పెట్టాను, అదీ పూర్తయింది. నాతో పాటు చేరినవారిలో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చినవాళ్లం కలిసి ఇప్పుడు నెలకోసారి ఆన్‌లైన్‌లో కేసుల గురించి మాట్లాడుకుంటున్నాం. దానికి పాయింట్లు లేవు. అచ్చంపేట మిత్రుడు తెచ్చిన చెంచు కుటుంబం కేసు మీద ఇంకా తేల్చుకోలేదు. అక్కడ దుబాసీ అవసరం లేదు, వాళ్లు మాట్లాడేది తెలుగే. అయినా పెంటకు వెళ్లినప్పుడల్లా పెద్దలు అడవిలోకి వెళ్లిపోతున్నారని, సాయంత్రం పొయ్యి వెలిగే వేళకు వెళితే కూర్చోబెట్టి మాట్లాడుతున్నారని ఆయన చెప్పాడు. ఆ వేళకు అభయారణ్యం చెక్‌పోస్టు దాటి తిరిగి రావడం ఎలాగన్నదే ప్రస్తుతం మా చర్చ. దుబాసీలకు ఇచ్చే డబ్బు విషయం కూడా తేలలేదు. మా సంస్థ ఖర్చుల పట్టికలో వారికి ఒక పద్దు లేదు. ప్రయాణ ఖర్చుల కింద రాసి ఇస్తున్నాం, ఆడిట్‌లో ప్రతిసారీ అడుగుతున్నారు. వచ్చే బడ్జెట్‌లో దానికి విడిగా ఒక పద్దు పెట్టమని ఆ ఆశా కార్యకర్త తరగతి వివరాలు జతచేసి రాతపూర్వకంగా కోరాను.